గూంటా మాయి

మేడ్చల్ దాటాక నిజామాబాద్ రోడ్డు పక్కన ఉన్న ఒక హేచరీలో నేను పదకొండేళ్ళు పనిచేశాను. హేచరీ అంటే మిషన్లలో గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే చోటు. పుట్టిన పూటనే ఏది పెట్టో ఏది పుంజో చూసి వేరు చేయడం నా పని. పిల్లను అరచేతిలోకి తీసుకుని, రెక్క విప్పి, వెలుతురుకు పెట్టి చూడాలి. పెట్టకైతే ఒక వరుస ఈకలు పొడుగ్గా, ఒక వరుస పొట్టిగా ఉంటాయి. పుంజుకు రెండు వరుసలూ సమానం. చెప్పడానికి ఇంతే. కానీ ఒక్కో పిల్లకు రెండు మూడు క్షణాలకు మించి దొరకదు. చెయ్యి గట్టిగా పడితే పిల్ల చచ్చిపోతుంది, మెల్లగా పడితే జారిపోతుంది. నాకు ఆ పని బాగా పట్టుబడింది.

నేనేమీ ఆ పని కోసం పుట్టినదాన్ని కాదు. మా బాపుకు లాల్‌గడి మలక్‌పేట్‌లో నాలుగెకరాల ద్రాక్షతోట ఉండేది. తొంభైల్లో మా వైపు ఎటు చూసినా ద్రాక్ష పందిళ్ళే. తర్వాత బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. బాపు మూడు చోట్ల బోరు వేయించాడు, మూడింట్లోనూ దుమ్మే వచ్చింది. తీగెలు కొట్టేసి పందిళ్ళ రాతి కడీలు పీకేసిన రోజు ఆయన అన్నం తినలేదు. నాకప్పటికే పెళ్ళయింది. మా ఆయన మేడ్చల్ డిపోలో బస్సు కండక్టరు. నేను ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి ఇంట్లో కూర్చున్నాను. పక్కింటామె హేచరీకి వెళ్తుంటే ఆమె వెంట వెళ్ళాను. అలా మొదలైంది.

రెండువేల సంవత్సరం దాటిన మూడో ఏడో, నాలుగో ఏడో, మా యజమానికి ట్రినిడాడ్‌లోని ఒక కోళ్ళ ఫారం వాళ్ళతో ఒప్పందం కుదిరింది. పిల్లల్ని వేరు చేసే పని అక్కడి ఆడవాళ్ళకు నేర్పాలి, మూడు నెలలు ఉండాలి. మా హేచరీలో కోళ్ళ రోగాలు చూసే డాక్టర్ సార్, ఆయనతో పాటు నేను. నా పేరు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. అప్పటికి నేను సికింద్రాబాద్ స్టేషన్ దాటి రైలెక్కింది రెండే సార్లు.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. బాపు కూడా వచ్చాడు.

"గంత దూరం ఆడిపిల్లను ఎట్ల తోలుతవ్?" అని బాపు మా ఆయనను అడిగాడు.

"తోలుడేంది మామా, ఆమెనే పోతాంది. పని ఆమెకొస్తది, నాకు రాదు గదా" అన్నాడు మా ఆయన. "డిపోల మ్యాపు జూసిన. అమెరికా కింద, సముద్రంల, పెసరగింజంత ఉన్నది."

మా అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా వింది. చివరికి, "ఆడ అన్నం దొరుకుతదా?" అని మాత్రం అడిగింది. నా ఏడేళ్ళ బిడ్డను తాను చూసుకుంటానని ఆమె చెప్పిన తీరు అది. నాకు అర్థమైంది.

మూడు విమానాలు మారి దిగాం. చివరి విమానం కిందికి వస్తుంటే కిటికీలోంచి చూశాను. కింద పచ్చని కొండలు, వాటి మీద మబ్బులు, ఒక పక్క నీలం రంగు సముద్రం, ఇంకో పక్క మట్టి కలిసిన నీళ్ళు. పక్కనే ఉన్న పెద్ద ఖండం నుంచి ఒక మహానది వచ్చి ఆ సముద్రంలో కలుస్తుందని, ఆ మట్టి దానిదేనని డాక్టర్ సార్ చెప్పాడు. బయటికి రాగానే ముఖానికి ఆవిరి కొట్టినట్టయింది. ఆషాఢంలో వాన పడి ఆగాక మా ఊళ్ళో ఉండే ఉక్కపోతే అది. ఆ ఉక్కతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఫారం మేనేజరు మమ్మల్ని తన ఇంటికే తీసుకువెళ్ళాడు. ఇల్లు స్తంభాల మీద కట్టి ఉంది. కింద ఖాళీ స్థలంలో ఊయల, పొయ్యి, బియ్యం చెరిగే చాట. ఇంటి ముందు పొడుగాటి వెదురు కర్రలకు ఎర్రవి, పసుపువి జెండాలు కట్టి ఉన్నాయి. పూజ చేసినప్పుడల్లా ఒకటి పాతుతారట. పెరట్లో మునగచెట్టు, మామిడిచెట్టు, కాకరపాదు. వాకిట్లో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. పొట్టిగా, నల్లగా, మోకాళ్ళు దాటిన గౌను, తల మీద పల్చని ఓణీ. డెబ్భై అయిదేళ్ళు ఉంటాయి. మేనేజరు తల్లి. ఇంట్లో అందరూ ఆమెను ఆజీ అంటారు, అంటే నాయనమ్మ. నేనూ అలాగే పిలిచాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని చూసి, "బైఠో, బేటీ. పానీ?" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళ ఇంగ్లీషు నాకొక్క ముక్క అర్థమయ్యేది కాదు. పాట పాడినట్టు మాట్లాడతారు. తెల్లవాళ్ళ కాలంలో చెరకు తోటల కూలికి మన దేశం నుంచి ఓడల్లో తీసుకుపోయినవాళ్ళ సంతతి వాళ్ళది. ఆజీకి మాత్రం చిన్నప్పుడు ఆ తోటల్లో విన్న హిందీ ముక్కలు కొన్ని మిగిలాయి. నాకు మేడ్చల్ బజారులో కూరగాయల దగ్గర నేర్చుకున్న హిందీ ఉంది. ఆ రెండూ కలిపి, చేతులు తిప్పి, మేమిద్దరం మూడు నెలలూ కాలం గడిపాం. ఆమె మాటలు నా చెవికి మా ఇంటి మాటల్లాగే వినిపించేవి కాబట్టి ఇక్కడ కూడా అట్లాగే రాస్తున్నాను.

డాక్టర్ సార్‌కు మేడ మీద గది ఇచ్చారు. నన్ను ఆజీ తన గదిలోనే పడుకోమంది. పొద్దున ఫారానికి వెళ్ళి ఎనిమిది మంది ఆడవాళ్ళకు పని నేర్పేదాన్ని. భాష రాకపోయినా ఆ పనికి మాటలు అక్కర్లేదు. నా వేళ్ళు చూసి వాళ్ళు నేర్చుకున్నారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆజీతో కలిసి చేమాకు కూర తరిగేదాన్ని, రొట్టెలు వత్తేదాన్ని. నేను చింతపులుసు పెడితే ఆమె గిన్నె ఎత్తి తాగేసింది.

దీపాలు పెట్టే వేళ ఆజీ ఒక చిన్న గదిలోకి వెళ్ళేది. అక్కడ కాళికమ్మ పటం, రాముడి పటం, వాటి పక్కన ఒక ఇత్తడి చెంబు, దాని మీద కొబ్బరికాయ. దీపం వెలిగించి, పటాలకు దండం పెట్టి, చివర చెంబు ముందు వంగి ఒక మంత్రం చదివేది. ప్రతిరోజూ అదే.

"కోంగోగీకే గూంటా, నానునానూ. కోంగోగీకే గూంటా, నానునానూ."

మూడుసార్లు. ఇంట్లో పిల్లాపెద్దా అందరూ వెనక నిలబడి కలిపేవాళ్ళు. సంస్కృతమేమో అనుకున్నాను. మా ఊరి గుళ్ళో పంతులు చదివేది మాత్రం నాకేమర్థమైందని?

ఒకరోజు అడిగాను. "ఆజీ, ఈ చెంబుల ఉన్న దేవత ఎవరు?"

"గూంటా మాయి" అంది ఆజీ. మాయి అంటే అమ్మ. "మా ఇంటి దేవత. వేరే ఇండ్లల్ల ఉండదు. మా ఆజీ ఓడల వచ్చినప్పుడు ఎంట దెచ్చుకున్నది."

"బొమ్మ లేదా?"

"లేదు. మంత్రమే. భయమైనప్పుడు చదవాలె. తుఫాను వచ్చినప్పుడు చదివినం. నా కొడుకు పురిటిల అడ్డం దిరిగినప్పుడు రెండు దినాలు చదివిన."

నేను చెంబుకు దండం పెట్టుకున్నాను. మా వైపు కూడా కుండలో, రాయిలో, కొమ్మలో ఉన్న దేవతలు చాలామంది ఉన్నారు. నాకేమీ వింతగా అనిపించలేదు.

నెలన్నర గడిచాక ఒక సెలవు రోజున మేనేజరు అందరినీ దక్షిణం వైపు తారు చెరువు చూడటానికి తీసుకువెళ్ళాడు. నిజంగానే తారు. మన రోడ్లకు వేసే తారే అక్కడ భూమిలోంచి ఊరుతుంది. వంద ఎకరాల మేర నల్లగా, ఏనుగు తోలులా ముడతలు పడి ఉంది. దాని మీద మనుషులు నడుస్తున్నారు. ముడతల మధ్య వాన నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళలో చిన్న చిన్న చేపలు, తామరల్లాంటి పూలు కూడా ఉన్నాయి. అక్కడక్కడ బుడగలు లేస్తూ కుళ్ళిన గుడ్డు వాసన. హేచరీలో పని చేసినదాన్ని కాబట్టి ఆ వాసన నన్నేమీ చేయలేదు. డాక్టర్ సార్ ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

దారి చూపించే మనిషి ఒక కథ చెప్పాడు. అక్కడ పూర్వం ఆ దీవి ఆదివాసుల ఊరు ఉండేదట. తేనె తాగే చిన్న పిట్టలు వాళ్ళ పెద్దల ఆత్మలు. ఒక పండగ రోజున వాళ్ళు ఆ పిట్టలనే చంపి తిన్నారట. భూమి తెరుచుకుని, తారు పొంగి, ఊరంతటినీ మింగేసిందట. ఆ పిట్ట ఒకటి అప్పుడే మా పక్కనుంచి వెళ్ళింది. బొటనవేలంత ఉంది, రెక్కలు కనిపించలేదు.

గట్టిగా ఉన్న చోట నడిచి నీటి గుంటల దాకా వెళ్ళాలి. ఆజీ కాళ్ళ నొప్పులకు ఆ నీళ్ళు మంచివని ఆమె నమ్మకం. నేను ముందు నడుస్తున్నాను, ఆమె నా వెనక. ఉన్నట్టుండి ఆమె కాలు మెత్తని చోట పడింది. చెప్పు తారులో ఇరుక్కుంది. కాలు లాగితే రాలేదు. ఆమె ఊగింది. ముఖం పాలిపోయింది.

నేను చటుక్కున తిరిగి, చేతికి అందక, నా చీర కొంగు ఆమె వైపు విసిరాను. రెండు చేతులా పట్టుకుంది. పట్టుకుని కళ్ళు మూసుకుని మంత్రం మొదలుపెట్టింది.

"కోంగోగీకే గూంటా..."

కొంగు! ఆ మాట నా చెవిలో పడింది. నెలన్నర నుంచి రోజూ విన్నదే. ఆ రోజు నా కొంగు ఆమె చేతుల్లో ఉండగా విన్నాను. మేనేజరు పరుగెత్తుకొచ్చి తల్లిని ఎత్తుకున్నాడు. చెప్పు తారులోనే ఉండిపోయింది. ఆజీ అప్పటికే నవ్వుతోంది. నేను మాత్రం కొంగు సర్దుకోవడం కూడా మరిచి ఆ మాటలే లోపల అనుకుంటున్నాను.

డాక్టర్ సార్ పక్కకు వచ్చి, "ఏమైందమ్మా, నీకేమైనా తగిలిందా?" అన్నాడు.

"సార్, ఆజీ సదివే మంత్రంల కొంగు అన్న మాట ఉన్నది. అది తెలుగేమో సార్. మిగిలింది నాకు తెలుస్తలేదు. జర మీరు వినుండ్రి" అని, ఆ మాటలు మెల్లగా, విడివిడిగా చెప్పాను. సార్ సాయంత్రాలు మేడ మీదే ఉండేవాడు. ఆ మంత్రం ఎన్నడూ వినలేదు.

ఆయన రుమాలు విప్పేశాడు. "మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన పెదవులు కదిలాయి. ఆయనది విజయనగరం వైపు పల్లె. ముప్ఫై ఏళ్ళ కింద హైదరాబాద్ వచ్చాడు. ఆయన నోట ఆ వైపు యాస నేనెప్పుడూ వినలేదు. పేపర్లో రాసినట్టే మాట్లాడతాడు.

"కొంగొగ్గీకే గుంటా, నానున్నాను" అన్నాడు. "ఒగ్గీడం అంటే వదిలేయడం. మా వైపు గుంట అంటే ఆడపిల్ల. కొంగు వదలకే పిల్లా, నేనున్నాను. అంతేనమ్మా. ఇది మంత్రం కాదు. మా అమ్మ నన్ను సంతకు తీసుకెళ్ళేటప్పుడు అనే మాట. నేను మగపిల్లాణ్ణి కాబట్టి గుంటడా అనేది. అంతే తేడా."

వాళ్ళ ఇంటి దేవత పేరు, ఒక పసిపిల్లను తల్లి పిలిచిన పిలుపు.

"చెప్పకమ్మా" అన్నాడు సార్. "ఇన్నేళ్ళు దేవత అనుకుని కొలుచుకున్నారు. మనమెవరం కాదనడానికి?"

కారులో తిరిగి వస్తూ దారంతా అదే ఆలోచించాను. సార్ చెప్పింది కూడా నిజమే అనిపించింది. కానీ ఆ రాత్రి నా పక్క మంచంలో ఆజీ నిద్రపోతుంటే నాకు నా బిడ్డ గుర్తొచ్చింది. నేను దానికి రోజూ ఏవో చెబుతుంటాను. వాటిలో ఒక మాట మిగిలి, అది ఎవరి మాటో తెలియకుండా పోతే? చెప్పకుండా ఉండటం నా వల్ల కాదనిపించింది.

మర్నాడు రొట్టెలు వత్తుతూ చెప్పాను. వచ్చీరాని హిందీలో, నా కొంగు ఆమె చేతిలో పెట్టి, నడిచి చూపించి చెప్పాను. గూంటా అంటే సార్ ఊరి మాటలో చిన్నపిల్ల అని చెప్పాను. ఆజీ వింటూ ఉంది. చేతిలోని పిండి ముద్ద పళ్ళెంలో పెట్టింది.

"అంటే గూంటా మాయి లేదంటవా?"

"లేదని గాదు ఆజీ..."

"నా కొడుకు అడ్డం దిరిగిండు. ఎవరు గాపాడిండ్రు మరి?"

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం దీపం పెట్టింది కానీ చెంబు ముందు వంగలేదు. ఇంట్లో వాళ్ళు ఆమె ముఖం చూసి, తర్వాత నా ముఖం చూశారు. మేనేజరు మర్యాదగలవాడు, ఒక్క మాట అనలేదు. కానీ ఫారానికి వెళ్ళే దారిలో ఎప్పుడూ పెట్టే రేడియో పెట్టలేదు. రెండు రోజులు ఆజీ నాతో మాట్లాడలేదు. నా పళ్ళెంలో అన్నం మాత్రం ఎప్పటిలాగే పెట్టింది. నేను స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను. సార్ మాట వినాల్సింది అనుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన "గొంతు గట్లున్నదేంది?" అన్నాడు. జలుబు అని చెప్పాను.

మూడో రోజు పొద్దున ఆజీ మంచి గౌను వేసుకుని వాకిట్లో నిలబడింది. "నడువు. సార్‌ను గూడ బిలువు" అంది.

మేనేజరు కారు తీశాడు. గంట ప్రయాణం. దారి పొడుగునా చెరకు తోటలు, కానీ సగం బీడు పడి ఉన్నాయి. చక్కెర ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజులవి. ఒక చోట కారు ఆపించింది. పొదల మధ్య ఇటుక పొగగొట్టం ఒకటి, దాని అవతల ఒకప్పుడు తోట కూలీలు ఉండిన పొడుగాటి కొట్టం ఒకటి, కూలిపోయి ఉంది. గోడలు నడుం ఎత్తు మాత్రమే మిగిలాయి. ఎడ్ల కొట్టంలో పెట్టినట్టు వరసగా గదులు. ఒక్కో గదిలో నాలుగడుగులు వేస్తే గోడ తగులుతుంది.

ఆజీ ఆ గదులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ఒకదాని ముందు ఆగింది.

"ఇదే" అంది. "మా ఆజీ, ఆమె తల్లి ఈడనే దిగిండ్రు. మా ఆజీకి అయిదేండ్లు. చెరుకు మొదటి కోత గూడ కాలేదు, తల్లికి జరమొచ్చి సచ్చిపోయింది. పక్క గదుల హిందీ మాట్లాడేటోళ్ళు. వాండ్లే సాదిండ్రు. అందుకే మా ఆజీకి తల్లి భాష పోయింది. తల్లి పేరు గూడ ఎర్కలేదు. కాయిదంల ఏదో రాసుంటరు. మాకు సదువు రాదు, కాయిదం ఏడబోయిందో."

గోడ మీద మొలిచిన గడ్డిని చేత్తో పీకేసింది.

"నేను పదేండ్ల పిల్లను, మా ఆజీ సచ్చిపోయేటప్పుడు. గా మాట రోజూ అంటుండె. దీపం ముంగట, పండుకునేటప్పుడు, ఉరిమినప్పుడు. దేవత పేరనుకున్నం. మేమే అనుకున్నం. ఆమె ఎన్నడు జెప్పలేదు. ఇప్పుడు యాదికొస్తాంది. ఆమె అనేటప్పుడు చెయ్యి గిట్ల మూసుకునేది." ఆజీ తన పిడికిలి బిగించి చూపించింది. లోపల ఏదో గుడ్డ అంచు పట్టుకున్నట్టే ఉంది.

తర్వాత ఆమె డాక్టర్ సార్ వైపు తిరిగింది. "నీ ఊరి మాటంట గదా. ఆ తల్లి ఎట్లనో అట్ల అను. నేనింటా."

సార్ ఇబ్బంది పడ్డాడు. పెద్దమనిషి, బిడియస్తుడు. గొంతు సవరించుకున్నాడు. చెప్పబోయి ఆగాడు. ఆజీ కదలలేదు. చివరికి ఆయన నేల చూస్తూ, నాకు తెలియని ఒక గొంతుతో, "కొంగొగ్గీకే గుంటా, నానున్నాను" అన్నాడు. అది హేచరీలో మందుల చీటీ రాసే మనిషి గొంతు కాదు. ఏదో సంతలో, ఏదో జనంలో, భయపడుతున్న పిల్లను వెంట నడిపించుకుపోతున్న గొంతు.

ఆజీ "ఇంకోపాలి" అంది. ఆయన అన్నాడు. "ఇంకోపాలి." మూడోసారి అనలేకపోయాడు. పొగగొట్టం వైపు తిరిగి అద్దాలు తుడుచుకున్నాడు.

ఆజీ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి కానీ ముఖం ఏడుస్తున్నట్టు లేదు. "అయిదేండ్ల పిల్ల" అంది తనలో తాను. "ఇన్నొద్దులు మేం పెద్ద పెద్ద కోరికలు కోరితిమి. అయిదేండ్ల పిల్లను."

తిరుగు దారిలో మేనేజరు మడ అడవుల దగ్గర ఆపి మమ్మల్ని పడవ ఎక్కించాడు. తల్లి మనసు మళ్ళించాలని కాబోలు. నీళ్ళలోకి వేళ్ళు దించిన చెట్ల మధ్యనుంచి పడవ వెళ్ళింది. పొద్దుగూకే వేళకు ఒక చెట్టు ఎదురుగా ఆగాం. ఆకాశంలోంచి ఎర్ర కొంగలు దిగడం మొదలైంది. మొదట మూడు, తర్వాత గుంపులు గుంపులు. మిరపపండు ఎరుపు. చూస్తుండగానే చెట్టంతా ఎర్రబడింది. పుట్టినప్పుడు అవి బూడిద రంగులో ఉంటాయని, తిండిని బట్టి ఎర్రబడతాయని సార్ చెప్పాడు. ఆజీ డెబ్భై అయిదేళ్ళుగా ఆ దీవిలో ఉండి వాటిని చూడటం అదే మొదటిసారట. "పనికే సరిపాయె బతుకంత" అంది. నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె దీపం పెట్టింది. చెంబు ముందు వంగి ఎప్పటి మాటలే, ఎప్పటి తీరుగానే మూడుసార్లు అంది. నేను మెల్లగా "ఆజీ, ఒగ్గీకే అనాలె" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా ఆజీ గిట్లనే అన్నది. గిట్లనే అంట."

నేనిక ఆ పని పెట్టుకోలేదు. ఒక్కటి మాత్రం మారింది. అంతకు ముందు చెంబు ముందు పెద్ద పళ్ళెంలో నైవేద్యం పెట్టేవాళ్ళు. ఆ రోజు ఆజీ వంటింట్లో వెతికి, మనవలు చిన్నప్పుడు తిన్న చిన్న గిన్నె ఒకటి తీసింది. అందులో పాలు, అన్నం, కొంచెం చక్కెర వేసి, మెత్తగా పిసికి పెట్టింది.

మూడు నెలలూ అయ్యాక మేము తిరిగి వచ్చేశాం. ఆ ఎనిమిది మంది ఆడవాళ్ళకు పని బాగానే వచ్చింది. ఒకామె నాకన్నా వేగంగా చేసేది. నా బిడ్డ మొదటి రోజు నా దగ్గరకు రాలేదు, రెండో రోజు నుంచి వదలలేదు. మా అత్త, "ఆడ అన్నం దొరికిందా?" అని అడిగింది. దొరికిందన్నాను. షామీర్‌పేట చెరువు కట్ట మీద బాపును కూర్చోబెట్టుకుని తారు చెరువు సంగతి చెప్పాను. ఆయన నమ్మలేదు. "నీళ్ళు లేకుంట చెరువెట్లయితది?" అన్నాడు.

డాక్టర్ సార్ ఆ ఎండాకాలం తన ఊరికి వెళ్ళాడు. చాలా ఏళ్ళ తర్వాత వెళ్ళడమట. చుట్టుపక్కల పల్లెల్లో ముసలివాళ్ళను అడిగాడు. ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు చాలామందే ఉన్నారన్నారు, కానీ రంగం, అంటే బర్మా వెళ్ళినవాళ్ళే అందరికీ గుర్తున్నారు. అయిదేళ్ళ ఆడపిల్లతో ఇంకా దూరం వెళ్ళిపోయిన ఒక తల్లి ఎవరికీ గుర్తు లేదు. ఆయన ఆ సంగతి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో ఉత్తరం రాసి ఆజీకి పంపాడు.

రెండు నెలలకు జవాబు వచ్చింది. ఆజీ చెబుతుంటే ఆమె మనవరాలు రాసింది. ఊరు దొరక్కపోతే పరవాలేదని రాసింది. ఇంకొకటి అడిగింది. ఆ తల్లి పిల్లను పొద్దున నిద్ర లేపేటప్పుడు ఏమనేదో, అన్నం తినమని ఎలా బతిమాలేదో, అల్లరి చేస్తే ఎలా తిట్టేదో తెలిస్తే రాయమంది. ఏ ఇంట్లోనైనా తల్లులు అనే మాటలే అయి ఉంటాయి కదా, అవి చాలునంది.

మేం ఆ ఉత్తరం హేచరీలో చాయ్ తాగే వేళ చదివాం. సార్ మందుల చీటీ వెనక్కి తిప్పి అక్కడే మొదలుపెట్టాడు. "లెగవే గుంటా, పొద్దెక్కిపోనాది" అని ఒకటి రాశాడు. కాసేపు ఆలోచించి, "బువ్వ తినీసి ఆడుకో" అని ఇంకొకటి. మర్నాడు ఇంకో కాగితం తెచ్చాడు. ఇంటి దగ్గర వాళ్ళావిడను కూడా కూర్చోబెట్టి అడిగాడట. ఆమెది కూడా అటువైపే. కాళ్ళు కడుక్కోమన్నవి, ఏడవొద్దన్నవి, తల దువ్వేటప్పుడు కదలొద్దన్నవి, వీపు మీద ఒకటి వేస్తానని బెదిరించినవి. రెండు కాగితాలు నిండాయి. అన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థంతో తిరగరాశాం. చివర నేనొకటి కలుపుతానంటే సార్ వద్దన్నాడు. "నీది వేరే తెలుగమ్మా" అన్నాడు నవ్వుతూ. నాకు కొంచెం కోపం వచ్చింది, కానీ ఆయన మాట న్యాయమే. ఆ కాగితాలు ఆజీకి పోస్టు చేశాం.

ఆ తర్వాత వానాకాలంలో ఒక రోజు మధ్యాహ్నం మూడున్నరకు హేచరీ ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పిల్లల పెట్టెలు లారీకి ఎక్కిస్తున్న వేళ. నా కోసమే అని పిలిచారు. చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఫోన్లో గరగర. అక్కడ తెల్లవారుతోంది, కోడి కూత వినిపించింది.

"బేటీ" అంది ఆజీ. "జర ఆగు, ఫోన్ వెట్టకు. ఇను."

ఫోన్ పక్కన పెట్టినట్టు చప్పుడైంది. చెక్క మెట్ల మీద ఆమె అడుగులు. తర్వాత దూరం నుంచి, మేడ మీద పడుకున్న మనవలనూ మునిమనవలనూ ఉద్దేశించి, గట్టిగా, పళ్ళు లేని నోటితో ఆమె అరవడం వినిపించింది.

"లెగావే! లెగావే గూంటా! పొద్దేకి పోనాదీ!"

పిల్లలు నవ్వుతున్నారు. ఎవరో దుప్పటి లాగారు కాబోలు, కేకలు. ఫోన్ మళ్ళీ తీసుకోవడం ఆజీ మరిచిపోయింది. నేను చెవికి ఆనించుకుని వింటూ నిలబడ్డాను.